హోమ్ కేర్: కేర్‌టేకర్‌ను చూసే ముందు యజమానిని చూడండి

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రుల చుట్టుపక్కల ఒక్కసారి నడిచి చూడండి. మెడికల్ షాపుల అద్దాల మీద, కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనక ఒకే రకం కాగితాలు కనిపిస్తాయి. ‘ఇంటి దగ్గరే నర్సింగ్ సేవలు’, ‘24 గంటల ఆయా’, ‘వృద్ధులకు అనుభవం ఉన్న కేర్‌టేకర్లు’. కింద ఒక ఫోన్ నంబరు ఉంటుంది. చాలావాటిలో ఆఫీసు అడ్రసు ఉండదు, నడిపేవాళ్ల పేరు అసలే ఉండదు. చిత్తూరులోనూ ఇదే కథ, మదనపల్లెలోనూ ఇదే.

ఆ నంబరుకు ఫోన్ చేసినప్పుడు మనం అడిగేవి మూడే. నెలకు ఎంత? పగలా రాత్రా? ఆడమనిషా మగమనిషా? కంపెనీ నడిపేది ఎవరు, పనిచేసేవాళ్లకు ఎంత ఇస్తారు, తప్పు జరిగితే ఏం చేస్తారు అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు కనబడలేదు. రెండేళ్ల కిందట మా ఇంట్లో మేమూ అడగలేదు.

మా నానీ బాత్‌రూమ్ గడప దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తిరుపతిలో జరిగింది. వారం తర్వాత డిశ్చార్జ్ చేసి ఇంటికి పంపించారు. పెద్ద మామూ, చిన్న మామూ ఇద్దరూ కువైట్‌లో ఉన్నారు. అమ్మీకి మోకాళ్ల నొప్పులు, మనిషిని లేపి కూర్చోబెట్టే శక్తి లేదు. ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే నెలకు 27 వేలన్నారు. నేను బీకాం చదివినవాణ్ని కదా, బేరమాడి 24కి తెచ్చాను. ఆ రోజు నాకు అది తెలివితేటల్లాగే అనిపించింది.

వచ్చిన ఆవిడ పుత్తూరు వైపు పల్లె మనిషి. నలభై దాటి ఉంటాయి. మంచి మనిషి, నానీతో ఓపికగా మాట్లాడేది. మూడో వారంలో నానీ నడుము కింద పుండు కనబడింది. రంగు చూస్తేనే తెలుస్తుంది, అది ఆ రోజు పుట్టింది కాదు. గట్టిగా అడిగితే నాలుగు రోజుల ముందే చూశానని ఒప్పుకుంది.

‘‘చెప్తే నన్ను తీసేస్తారు నాయనా. పోయిన తూరి ఇంకో ఇంట్లో ఇట్లనే చెప్పినా. నీదే తప్పని పదైదు దినాల జీతం పట్టుకున్నారు’’ అంది.

ఏజెన్సీకి ఫోన్ చేశాను. ‘‘సారీ సార్, రేపటికల్లా వేరే మనిషిని పంపిస్తాం’’ అన్నాడు అవతలి మనిషి. పుండు ఎంత ఉంది, డాక్టరుకు చూపించారా అని ఒక్క మాట అడగలేదు. ఆ రోజు నా కోపమంతా ఆవిడ మీదే. ఆవిడ చేతికి ఎంత అందేదో తర్వాత తెలిసింది, 13 వేలు. నేను తగ్గించిన మూడు వేలు ఎవరి వాటాలోంచి పోయి ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఈ వ్యాసం ఆ ఏజెన్సీ గురించి కాదు. వాళ్లకంటే మేలైనవీ ఉన్నాయి, ఘోరమైనవీ ఉన్నాయి. అదే మనుషులు, అదే శిక్షణ, ఇంచుమించు అదే రేటు ఉన్నా ఒక కంపెనీ పనికీ ఇంకో కంపెనీ పనికీ ఎందుకంత తేడా వస్తోంది అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఆస్పత్రిలో ఉండేది, ఇంట్లో ఉండనిది

ఆస్పత్రి వార్డులో ఒక నర్సు తప్పు చేస్తే చూసే కళ్లు పది ఉంటాయి. పక్క బెడ్డు వాళ్లు, హెడ్ నర్సు, రౌండ్స్‌కు వచ్చే డాక్టరు, కేస్ షీటు. ఇంట్లో అవేవీ ఉండవు. తలుపు మూసిన గదిలో పన్నెండు గంటలు ఇద్దరే ఉంటారు. ఒకరికి మాట సరిగా రాదు, లేదా మతిమరుపు. రెండో మనిషి ఏం చెబితే అదే రికార్డు.

మంచాన పడిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే ఎముక తగిలేచోట చర్మానికి రక్తం అందక పుండు మొదలవుతుంది. మొదట్లో ఎర్రగా కందినట్టు ఉంటుంది, అప్పుడే పట్టుకుంటే తేలిగ్గా మానుతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే నెలల పని. షుగరు ఉంటే ఇంకా కష్టం. ఇన్సులిన్ వేసుకుని సరిగా తినని ముసలాయనకు చెమటలు పట్టి మాట తడబడితే అది నీరసం కాదు, షుగరు పడిపోవడం. ముక్కులోంచి పైపు వేసినవాళ్లకు పడుకోబెట్టి పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వీటిలో ఏదీ పెద్ద చదువు కాదు. కానీ ప్రతిదానిలోనూ తేడా కనబడిన వెంటనే చెప్పడం ముఖ్యం.

ఆ చెప్పడం చెప్పకపోవడం మాత్రం కేర్‌టేకర్ మంచితనం మీద ఆధారపడి ఉండదు. చెబితే ఆమెకు ఏమవుతుంది అన్నదాని మీద ఉంటుంది. ఏమవుతుందో నిర్ణయించేది కంపెనీ నడిపే మనిషి.

హార్వర్డ్‌లో పనిచేసే ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేసింది. మంచి నాయకత్వం ఉన్న యూనిట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. లెక్క తీస్తే అలాంటి చోటే ఎక్కువ తేలాయి. తర్వాత అర్థమైన సంగతి ఏమిటంటే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం లేదు, ఎక్కువ బయటికి చెబుతున్నారు. హెడ్డుకు భయపడే చోట పొరపాటు కాగితం మీదికే రాదు. కాబట్టి ‘మా దగ్గర ఇంతవరకు ఒక్క కంప్లైంటు కూడా లేదు సార్’ అని ఏజెన్సీ వాళ్లు గొప్పగా చెప్పుకుంటే, అది నమ్మకం కలిగించే మాట కాదు.

డబ్బు లెక్క

కామర్స్ చదివినవాడికి ఏ కథైనా చివరికి లెక్క దగ్గరికే వస్తుంది. ఇంటి సేవల వ్యాపారంలో స్థూలంగా రెండు దారులున్నాయి. ఒకటి కమీషన్ దారి. ఏజెన్సీ ఒక మనిషిని చూపిస్తుంది, నెలనెలా వాటా తీసుకుంటుంది. ఆ మనిషి తన ఉద్యోగి కాదంటుంది. రెండోది జీతం దారి. మనుషుల్ని ఉద్యోగులుగా పెట్టుకుని, శిక్షణ ఇచ్చి, పైన ఒక నర్సును సూపర్‌వైజర్‌గా పెట్టి, ఇళ్లకు పంపుతుంది.

రెండింటికీ అసలు తేడా పేషెంట్ లేని రోజున కనిపిస్తుంది. పేషెంట్ మళ్లీ ఆస్పత్రిలో చేరాడు, లేదా ఇంతికాల్ అయ్యాడు. ఆ మర్నాటి నుంచి కేర్‌టేకర్‌కు పని లేదు. కమీషన్ దారిలో అయితే జీతమూ లేదు. ఇప్పుడు ఆలోచించండి. ముసలాయనకు ఆయాసం ఎక్కువైంది, ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పాల్సింది ఆమే. చెబితే రేపటి నుంచి ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె దుర్మార్గురాలు కాకపోయినా, ‘సాయంత్రం దాకా చూద్దాం’ అనుకునేలా ఆ ఏర్పాటే చేస్తుంది. ఖాళీ రోజుల్లో సగం జీతమైనా ఇచ్చే కంపెనీలో ఆమె వెంటనే ఫోన్ చేస్తుంది. ఆ సగం జీతం కంపెనీ లెక్కల్లో ఖర్చు కింద కనబడుతుంది. దానివల్ల దక్కిన ప్రాణం ఏ పద్దులోనూ కనబడదు. ఆ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా యజమాని మనసుకు సంబంధించిన విషయం, చట్టం దాకా వచ్చేది తక్కువ.

చట్టం అసలే లేదని కాదు. సాధారణంగా పదిమంది ఉద్యోగులుంటే, జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. కాగితం మీద మాత్రం చాలామంది కేర్‌టేకర్లు ఎవరికీ ఉద్యోగులు కారు. ఏజెన్సీ దృష్టిలో ఆమె మీ ఇంట్లో పనిచేసే మనిషి. మీ దృష్టిలో ఆమె ఏజెన్సీ మనిషి. మధ్యలో జారిపోయేది ఆమే.

శిక్షణ సంగతి కూడా అంతే. ఏఎన్ఎం అంటే రెండేళ్ల చదువు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. కేర్‌టేకర్ పనికి జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ పేర్లతో కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి. తెల్ల కోటు వేసినంత మాత్రాన అందరూ నర్సులు కారు. ఇంజెక్షన్ వేయాలన్నా, యూరిన్ పైపు మార్చాలన్నా రిజిస్టర్డ్ నర్సే చేయాలి. ఆయాను నర్సు పేరుతో పంపి నర్సు రేటు వసూలు చేసే యజమాని, మిగతా విషయాల్లో నిజం చెబుతాడని ఎలా అనుకోవాలి?

మలప్పురం నుంచి నేర్చుకోవాల్సింది

మనలాగే గల్ఫ్ మీద బతికే జిల్లా ఒకటి కేరళలో ఉంది, మలప్పురం. జనాభాలో దాదాపు 70 శాతం ముస్లింలే. కొడుకులు దుబాయ్‌లో, సౌదీలో, తల్లిదండ్రులు ఇంట్లో. మన రాయచోటి, మదనపల్లె, పీలేరు కథే.

1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మరికొందరితో కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలుపెట్టారు. క్యాన్సర్ ముదిరిపోయి, ఇక చేయడానికేం లేదని ఇంటికి పంపేసిన మనుషుల నొప్పి తగ్గించడం వాళ్ల పని. కొన్నాళ్లకే అర్థమైంది, అసలు అవసరం ఉన్నవాళ్లు ఆస్పత్రి దాకా రాలేరు. డాక్టర్లే ఇళ్లకు పోవాలి. అంతమంది డాక్టర్లు లేరు. అక్కడ వాళ్లు తీసుకున్న నిర్ణయమే తర్వాత దారి మార్చింది. పని మొత్తం డాక్టర్ల చేతిలో పెట్టుకోకుండా, ఊరివాళ్లకు నేర్పించి అప్పగించారు. 1990ల చివరి నుంచి మలప్పురంలో మామూలు జనం వారానికి కొన్ని గంటలు ఇవ్వడం మొదలుపెట్టారు. శిక్షణ తీసుకుని, నర్సుతో కలిసి మంచాన పడినవాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. ఊరివాళ్లు ఇచ్చే చిన్న చిన్న చందాలతోనే చాలావరకు ఖర్చు గడిచేది. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విధానమే ప్రకటించింది, దేశంలో మొదటిది. తర్వాత పంచాయతీలు, మున్సిపాలిటీల ద్వారా కమ్యూనిటీ నర్సులు ఇళ్లకు వెళ్లే ఏర్పాటు వచ్చింది.

‘అది సేవ, ఇది వ్యాపారం, రెండింటికీ పోలికేంటి?’ అని ఒక ఏజెన్సీ నడిపే ఆయన నన్నడిగాడు. సబబైన ప్రశ్నే. వాలంటీర్లతో కంపెనీ నడవదు. కానీ మలప్పురం పద్ధతిలో నాకు ముఖ్యంగా కనిపించింది ఉచిత సేవ కాదు. ఆ ఇంట్లోకి రెండో జత కళ్లు వెళ్తున్నాయి. నర్సు చూడనిది వాలంటీర్ చూస్తాడు. వాలంటీర్‌కు తెలియనిది నర్సుకు తెలుస్తుంది. పొరుగువాడు కాబట్టి ఇంటివాళ్లు అతనితో మనసు విప్పి మాట్లాడతారు. చెడు వార్త బయటికి రావడానికి ఒక దారి ఉంది. వారానికోసారి సూపర్‌వైజర్ నర్సును పంపించి, దుప్పటి తీసి వీపు చూసి రమ్మనడానికి ఏ కంపెనీకైనా అయ్యే ఖర్చు ఎంత? ఒక నర్సు జీతం, ఒక స్కూటీ పెట్రోలు.

నెదర్లాండ్స్ దేశంలో ఇదే ప్రశ్న ఇంకో రకంగా వచ్చింది. అక్కడ ఇంటి నర్సుల పనిని ముక్కలు చేసి ఒక్కోదానికి ఇన్ని నిమిషాలని గడియారం పెట్టారు. స్నానానికి ఇన్ని, కట్టు మార్చడానికి ఇన్ని. ఒకే ముసలావిడ దగ్గరికి నెలలో ఎందరెందరో మారుతూ వచ్చేవాళ్లు. నర్సుగా పనిచేసి తర్వాత మేనేజర్ అయిన యోస్ డె బ్లాక్ అనే ఆయన ఇది భరించలేక 2006లో బ్యూర్ట్‌జోర్గ్ అనే సంస్థ పెట్టాడు. మొదట నలుగురు నర్సుల టీం. నియమం సులభం. ఒక పేట బాధ్యత ఒక టీందే, టీంలో పన్నెండుమంది మించకూడదు, పైన మేనేజర్ ఉండడు, ఎవరింటికి ఎంతసేపు అవసరమో వాళ్లే తేల్చుకుంటారు. ఆ సంస్థ పదివేల మంది దాకా పెరిగింది. హెడ్డాఫీసులో మాత్రం సుమారు యాభై మందే. మేనేజర్ల జీతాలు మిగిలితే ఆ డబ్బు నర్సు చేతికి వెళ్తుందన్న చిన్న లెక్క అది. మనకు అచ్చంగా సరిపోదు, అక్కడ బీమా డబ్బు కడుతుంది, నర్సులు డిగ్రీవాళ్లు. అయినా, మనుషుల్ని నమ్మాలన్నది డె బ్లాక్ గోడ మీద రాసిపెట్టుకున్న మాట కాదు, కంపెనీని ఆ నమ్మకం ప్రకారమే కట్టాడు.

ఎదురు ఉదాహరణ బ్రిటన్. 2011లో అక్కడి సమానత్వ, మానవ హక్కుల కమిషన్ వృద్ధుల ఇంటి సేవల మీద విచారణ చేసి నివేదిక ఇచ్చింది. పావుగంట విజిట్లు, తిండి పెట్టడానికీ ఒళ్లు తుడవడానికీ మధ్య ఒకటే ఎంచుకోవాల్సిన పరిస్థితి అందులో బయటపడ్డాయి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయానికి జీతం ఇవ్వని కంపెనీలూ ఉండేవి. అదే ఏడాది సదరన్ క్రాస్ అనే కంపెనీ కుప్పకూలింది. అది ఇంటి సేవల కంపెనీ కాదు, వృద్ధాశ్రమాల కంపెనీ, 750 దాకా ఆశ్రమాలు, 31 వేల మంది వృద్ధులు. భవనాలు అమ్మేసి వాటినే అద్దెకు తీసుకుని, ఆ డబ్బుతో విస్తరించింది. అద్దెలు ఏటా పెరిగాయి, ఆదాయం పెరగలేదు. మా కాలేజీలో ఇలాంటివి కేస్ స్టడీ అని చెప్పేవాళ్లు. 31 వేల మంది అమ్మానాన్నలని ఎవరూ చెప్పలేదు.

మన జిల్లా మాట

మన దగ్గర నాయకత్వ విలువల గురించి మాట్లాడాలంటే బయటి దేశాలే అక్కర్లేదు. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు ఉంది. సీఎంసీకి పోని కుటుంబం మన వైపు అరుదు. ఆ సంస్థ పెట్టిన ఐడా స్కడర్ 1909లో నర్సింగ్ స్కూలు మొదలుపెట్టింది. మెడికల్ స్కూలు వచ్చింది ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1918లో. ముందు నర్సు, తర్వాత డాక్టరు. ఆ వరుస యాదృచ్ఛికమేమో నాకు తెలీదు గానీ, ఇవాళ్టికీ సీఎంసీ నర్సింగ్ కాలేజీకి ఊళ్లలోకి వెళ్లి ఇళ్లు తిరిగే కమ్యూనిటీ హెల్త్ విభాగం ఉంది. అపోలో స్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి మన తవణంపల్లె మండలం అరగొండ మనిషి. 2000లో దేశంలోని తొలి టెలిమెడిసిన్ కేంద్రాల్లో ఒకటి ఆ ఊళ్లో పెట్టారు. లాభం కోసమైతే అరగొండను ఎవరూ ఎంచుకోరు. ఇప్పుడు అపోలో సంస్థకే హోమ్ కేర్ విభాగం ఉంది. బెంగళూరు కేంద్రంగా 2013 నుంచి పెరిగిన పోర్టియా లాంటి కంపెనీలున్నాయి. పెద్ద నగరాల్లో వీళ్లు పోటీ పడుతున్నారు. మన చిన్న పట్టణాల్లో మాత్రం ఎక్కువగా దొరికేది ఆ కరెంటు స్తంభం మీది నంబరే.

అవసరమేమో పెరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లు దాటినవాళ్లు 2021 నాటికి జనాభాలో 12.4 శాతం ఉంటారని, 2031కి 16.4 శాతం అవుతారని కేంద్రం అంచనా. ప్రభుత్వ సొమ్ము చూస్తే ఎక్కువగా ఆస్పత్రి గేటు దాకానే. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి కేంద్రం ఇస్తున్న 5 లక్షల ఆయుష్మాన్ కవరేజీ ఆస్పత్రి చికిత్సకే. ఇంటికొచ్చిన తర్వాత పెట్టే కేర్‌టేకర్ ఖర్చు మన జేబుదే. ఒక్క మినహాయింపు, రాష్ట్రంలో 2024 జులై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత బాధితులు లాంటివారికి పింఛను నెలకు 15 వేలు చేశారు. అర్హత ఉండీ అప్లికేషన్ పెట్టని కుటుంబాలు మన పేటల్లో ఉంటే సచివాలయంలో అడగండి.

ఇప్పుడు నన్ను చాలా రోజులుగా తొలుస్తున్న విషయం. మన రాయలసీమ ఆడవాళ్లు ఎంతోమంది కువైట్‌లో ఇళ్లలో పనికి పోయారు. అక్కడి ముసలివాళ్లకు స్నానం చేయించి, తినిపించి, రాత్రుళ్లు మేలుకుని ఇక్కడ ఇళ్లు కట్టారు. వాళ్ల కష్టాలు మనకు తెలుసు. పాస్‌పోర్ట్ లాక్కున్న కఫీల్ కథలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అయినా కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలు మించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి జీతంతో సెలవు, పని మానేసేటప్పుడు ఏడాదికో నెల జీతం. అమలు ఎంత అన్నది వేరే సంగతి, చట్టమైతే ఉంది. మన దేశంలో ఇంటి పనివాళ్లకు అలాంటి ప్రత్యేక జాతీయ చట్టమే లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు దీనిమీద కమిటీ వేసి పరిశీలించమని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

కువైట్‌లో మన ఖాలాకు వారం సెలవు ఇవ్వలేదని తిట్టుకున్న ఇంట్లోనే, కేర్‌టేకర్ ఆదివారం రానంటే ఏజెన్సీకి ఫోన్ చేసి అరుస్తాం. వేరే గ్లాసు, వేరే ప్లేటు పెడతాం. నానీని చూసుకోవడానికి వచ్చిన మనిషికి ‘ఖాళీగానే ఉన్నావు కదా’ అని గిన్నెలు తోమమంటాం. గిన్నెలు తోమే ఆ అరగంటలో పక్కకు తిప్పాల్సిన మనిషి తిరగదు. యజమాని విలువలు అంటున్నాం గానీ, ఆ పన్నెండు గంటలకు మనమూ యజమానులమే.

ఏజెన్సీని అడగాల్సినవి

ఫోన్‌లో రేటు తర్వాత ఇవి అడగండి. మేము కట్టే డబ్బులో ఆ మనిషి చేతికి ఎంత వస్తుంది? చెప్పకపోతే అదే ఒక సమాధానం. పేషెంట్ ఆస్పత్రిలో చేరితే ఆమె జీతం ఏమవుతుంది? పైన రిజిస్టర్డ్ నర్సు ఉందా, ఆమె మా ఇంటికి ఎన్ని రోజులకోసారి వస్తుంది? నర్సును పంపుతున్నామంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, సిగ్గుపడకండి. కిందటిసారి ఏ ఇంట్లోనైనా తప్పు జరిగితే మీరేం చేశారు? ఈ చివరి ప్రశ్నకు ‘మా దగ్గర జరగవు’ అంటే ఫోన్ పెట్టేయండి.

మన ఇళ్లకు సంబంధించినవి కొన్ని ఉన్నాయి. ఆడవాళ్లకు ఆడమనిషే కావాలన్నది ఒక సౌకర్యం కాదు, మర్యాద. రాత్రి డ్యూటీకి మగమనిషిని పంపి ‘సర్దుకోండి’ అంటే సర్దుకోవద్దు. లేవలేని మనిషికి తయమ్ముమ్ కోసం మట్టి ఇటుక అందించడం, నమాజు వేళకు డైపర్ మార్చి శుభ్రం చేయడం, మంచం ఖిబ్లా వైపు తిప్పి పెట్టడం కేర్‌టేకర్‌కు ముందే చెప్పాలి. ఆమె ఏ మతమైనా సరే, చెబితే చేస్తారు, చాలామంది ఇష్టంగానే చేస్తారు. రంజాన్‌లో షుగర్ పేషెంట్ రోజా ఉంటానని పట్టుబడితే ఆ గొడవ కేర్‌టేకర్ మీద వదలకండి, ముందే డాక్టరుతో మాట్లాడండి. ఇవి వినడానికి ఐదు నిమిషాలు కూర్చునే ఏజెన్సీ, మనిషిని మనిషిగానే చూస్తుందని నా అనుభవం.

నానీ కోసం తర్వాత మేము పట్టుకున్నది చిత్తూరులో ఒక చిన్న ఏజెన్సీ. నడిపేది రిటైరైన నర్సు. పేరు రాయొద్దంది. మొదటి రోజు ఆమే వచ్చింది. డబ్బు మాటకు ముందు నానీ వీపు చూసింది. పుండును తన ఫోన్‌లో ఫొటో తీసుకుని, పక్కన తేదీ రాసింది. తర్వాత మమ్మల్ని అడిగింది, ‘‘మా పిల్ల ఎక్కడ కూర్చుంటుంది, ఎక్కడ తింటుంది, పండుగకు ఇంటికి పంపిస్తారా?’’ అమ్మీ కాస్త ఇబ్బందిగా మొహం పెట్టింది.

రెండో నెలలో ఒకరోజు పొద్దున బీపీ మాత్ర వేయడం మరిచిపోయానని కొత్తమ్మాయి తనంతట తానే చెప్పింది. సాయంత్రానికి ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, తిట్టడానికి కాదు, మాత్రల డబ్బాను పొద్దున, రాత్రి అని విడదీసి పెట్టమని అమ్మీకి చెప్పడానికి. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. నెలకు 27 వేలు, ఈసారి నేను బేరమాడలేదు. నానీ ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా వస్తోంది. పెద్ద మామూ శుక్రవారం వీడియో కాల్ చేసినప్పుడు ముందు నానీని చూపించమంటాడు, తర్వాత ఫోన్ ఆ అమ్మాయికి ఇమ్మంటాడు.